ఈదమ్మ నంబరు

నా భార్య ఈదమ్మ చనిపోయి ఏడాది తిరగకముందే నా బామ్మర్ది మొగులయ్య నా బిడ్డను విమానం ఎక్కించాడు. అది తప్పు. అతను ఎన్ని కారణాలు చెప్పినా తప్పే. మా రావల్కోల్‌లో ఎవరిని అడిగినా ఇదే మాట అంటారు. అనకపోయినా నాకు పట్టింపు లేదు.

ఈదమ్మ పోయిన ఏడు మృగశిర కార్తె మర్నాడు పోయింది. మా ఇళ్ళలో మనిషి పోతే ఏడాది పూర్తయ్యేదాకా గుడి గడప తొక్కం, పండుగ చేయం, పెళ్ళికి పిలిచినా అక్షింతలు వేయం. ఇది నేను పెట్టింది కాదు. నా తండ్రి పెట్టిందీ కాదు.

ఈ ఏడు ఏప్రిల్‌లో ఒక ఆదివారం మొగులయ్య గాజులరామారం నుంచి బండి మీద వచ్చాడు. నేను పాలకూర మడికి నీళ్ళు కడుతున్నాను. దీప గట్టు మీద కూర్చుని మెంతికూర కట్టలు కడుతోంది. దీప నా ఒక్కగానొక్క బిడ్డ. ఇరవై రెండేళ్ళు. శామీర్‌పేట దాటాక ఉన్న మందుల కంపెనీలో మాత్రలు ప్యాకింగ్ చేస్తుంది.

"బావా, జర కూసో. ఒక మాట చెప్పాలె," అన్నాడు మొగులయ్య.

"నిలవడితే ఇనవడదా?"

"దీప వచ్చే నెల బ్యాంకాక్ పోతాంది. ఐదు దినాలు. బస్సుల తిప్పుతరు. నలభై మంది ఉంటరు, అందరు మన తెలుగోళ్లే."

నేను దీప వైపు చూశాను. అది తల ఎత్తలేదు. కట్టకు దారం చుట్టిందే మళ్ళీ చుడుతోంది.

"ఎవర్ని అడిగినవ్?"

"అక్కనే అనుకున్నది బావా. పోయిన ఎండకాలమే పోవాలె. పాస్‌పోర్టు గూడ అక్కనే దగ్గరుండి జేయించింది. అక్కకు పాణం మంచిగ లేదని ఆగినం, ఇగ అక్కనే పాయె. కట్టిన పైసలకు టూరోళ్లు ఏడాది ఆగిన్రు. ఈ మే దాటితే మళ్ల లేదంటున్నరు."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఈదమ్మ పోకముందు ఫిబ్రవరిలో తల్లీకూతుళ్ళు కంటి దవాఖానకని సికింద్రాబాద్ పోయి సాయంత్రం దాకా రాలేదు. ఇద్దరి కళ్ళూ బాగానే ఉన్నాయని వచ్చి చెప్పారు. నేను సంతోషించాను.

ముగ్గురు కలిసి నాకు తెలియకుండా చేశారు. అందులో ఒకరు చనిపోయారు కాబట్టి ఆమెను ఏమీ అనలేను. మిగిలింది ఇద్దరు.

"జూన్‌ల పోతే ఏమైతది? ఏడాది అయినంక?"

"డేటు మన చేతుల లేదు బావా. నువ్వు ఒప్పుకోవని అక్కకు ఎర్కనే. నేనెన్నడు సముద్రం జూడలే, నా బిడ్డనన్న జూడనీ అన్నది. అంతే."

"నా గడప తొక్కకు ఇగ," అన్నాను.

అతను నన్ను చూశాడు, దీపను చూశాడు, బండి తిప్పుకుని పోయాడు. పాలకూర మడిలో నీళ్ళు అప్పటికే నిండి పక్క మడిలోకి పొర్లాయి.

ఆ తరవాత నెల రోజులు ఇంట్లో మాటలు తక్కువ. దీప వండేది, నేను తినేవాణ్ణి. ఉప్పు తక్కువైనా చెప్పలేదు. ఒకరోజు అదే రుచి చూసి, "గిట్ల తింటున్నవా బాపూ, చెప్పొద్దా," అంది. నేను కంచం కడుక్కుని పోయాను.

బయలుదేరే రోజు మధ్యాహ్నం ఒక కాగితం నా ముందు పెట్టింది. అచ్చు అంతా ఇంగ్లీషు. అంచుల్లో అది తెలుగులో పెన్నుతో ఏదో రాసింది.

"యాడ యాడ తిప్పుతరో అన్నీ రాసిన. రమేష్ అని టూర్ మేనేజరు, ఆయన నంబరు గూడ ఉంది. ఒకసారి సదువు బాపూ."

నేను రావల్కోల్ బడిలో ఏడో తరగతి దాకా చదివాను. చదవడం నాకు వచ్చు. చదవలేదు. విత్తగా మిగిలిన ధనియాలు చాటలో ఉంటే ఆ కాగితంలోనే పొట్లం కట్టి గోడ గూట్లో పెట్టాను. అది చూస్తూనే ఉంది.

ఆటో వచ్చింది. మొగులయ్య ఆటోలోనే కూర్చున్నాడు, దిగలేదు. దీప గడప దగ్గర ఆగింది.

"పోయొస్త బాపూ."

"ఏడాది కాలే. ఏ దేశంల ఉన్నా గుడి గడప తొక్కకు."

"సరే."

"దేవుడు వేరే దేవుడని తొక్కకు."

"సరే అంటున్న గద బాపూ. దిగినంక ఫోన్ జేస్త."

"జెయ్యకు."

ఆటో మేడ్చల్ వైపు మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడ్డాను. మెకానిక్ షెడ్డు అడ్డం వచ్చింది కాబట్టి లోపలికి వచ్చాను. వచ్చి నా ఫోను స్విచ్చాఫ్ చేసి బియ్యం డబ్బా మీద పెట్టాను.

మర్నాడు తెల్లారి ఎప్పటిలాగే కూర మోపెడ్ మీద వేసుకుని మేడ్చల్ మార్కెట్‌కు పోయాను. ఈదమ్మ ఇరవై ఏళ్ళు మేడ్చల్ బస్టాండ్ దగ్గర పూలు అమ్మింది. ఆమె పక్కన కూర్చున్న భవాని ఇప్పుడు మార్కెట్‌లో కూర అమ్ముతుంది. నా దగ్గరే తీసుకుంటుంది.

"ఏంది గండన్నా, పిల్లను ఒక్కదాన్నే పంపినవంట."

"నేను పంపలే."

"మరి ఎవలు పంపిన్రు? ఆ దిక్కు పోయిన పోరగాండ్లను గదులల్ల వెట్టి తాళం ఏస్తున్నరంట. కంప్యూటర్ల ముంగట కూసోవెట్టి పైసలు గుంజే దొంగ ఫోన్లు జేయిస్తున్నరంట. టీవీల జూపిచ్చిన్రు. టూరని చెప్పే తోల్కపోతరంట."

"కట్టలు దింపుకో."

"నేను బెదిరిస్తలేనే. ఫోన్ వచ్చిందా అని అడుగుతున్న."

గోనె సంచి దులిపి మడత పెట్టుకుని వచ్చేశాను. దారిలో బండి రెండుసార్లు ఆపాను. ఎందుకు ఆపానో నాకే తెలియదు. ఫోను నా జేబులో లేదు.

ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. కాళ్ళు కడుక్కుని సద్దన్నం ముందు కూర్చున్నాను. అప్పుడు గూట్లో ఈదమ్మ ఫోను మోగింది.

అది బటన్ల ఫోను. రేషన్ కార్డుకూ గ్యాసుకూ ఆ నంబరే ఇచ్చి ఉన్నాం. అందుకే తీసేయలేదు. అందుకే రీచార్జ్ చేయించి, రోజూ చార్జింగ్ పెడుతున్నాను. ఏడాదిగా గ్యాసువాళ్ళు తప్ప ఆ ఫోనుకు ఎవరూ చేయలేదు. తెర మీద పొడుగాటి నంబరు. మన దేశం నంబరు కాదు.

ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అమ్మా," అంది దీప.

అలవాటు కొద్దీ నోట వచ్చింది, అంతే.

"ఆఁ," అన్నాను.

"బాపూ. నేనే. బస్సు పోయింది బాపూ."

"యాడికి?"

"ఎర్క లేదు. నన్ను ఇడిసిపెట్టి పోయింది. గంట అయితాంది."

"నువ్వెందుకు దిగినవ్?"

"పొద్దుగాల దిగంగనే గుడికి తోల్కొచ్చిన్రు. అందరు లోపటికి పోయిన్రు. నేను పోలే. గేటు కాడ్నే ఉన్న. వాళ్లు ఇటే వస్తరనుకున్న. అటు దిక్కు ఇంకో గేటున్నదంట, అటు కెల్లి పోయిన్రు."

నా దగ్గర ఒక మాట తయారుగా ఉంది. ఎవరు పొమ్మన్నారు నిన్ను అనే మాట. ఆ మాట లోపలే ఉండిపోయింది. గేటు దగ్గర ఎవరు ఆగమన్నారో నాకు తెలుసు.

"ఎవరికన్న చెప్పి ఆగొద్దా?"

"ఏడాది కాలేదని చెప్తే పక్కన కూసోనియ్యరేమో అనుకున్న. పక్క సీటుల పెద్దామె ఉన్నది. మంచిగ మాట్లాడింది పొద్దటి సంది. అందుకని చెప్పలే."

"నీ ఫోను?"

"బస్సుల చార్జింగ్ పెట్టిన. ఇది ఈడ పూలమ్మెటామెది. ఆమె ఎవర్నో అడిగి ముందర ఏవో అంకెలు కొట్టిచ్చింది. నాకు అమ్మ నంబరొక్కటే నోటికొస్తది బాపూ. మోగుతదో లేదో అనుకుంట చేసిన. జల్దీ చెప్పాలె, బ్యాలెన్స్ అయిపోతాందని సైగ జేస్తాంది."

చిన్నప్పుడు మేడ్చల్ జాతరలో తప్పిపోయినప్పుడు కూడా ఏడవలేదు, ఇట్లాగే గబగబా మాట్లాడింది.

"నీ నీడ ఏ దిక్కు పడ్డది?"

"ఏందీ?"

"నీ నీడ. గుడి దిక్కు పడ్డదా, బజారు దిక్కు పడ్డదా?"

"గుడి దిక్కు."

"అయితే తూర్పు గేటు. ఆడ్నే కూసో. ఎవరొచ్చి బండి ఎక్కుమన్నా ఎక్కకు. నీ బస్సోళ్లు తప్ప ఎవరు పిలిచినా కదలకు. పూలామె పక్కనే ఉండు. ఇనవడ్డదా?"

"ఇనవడ్డది బా..."

ఫోను తెగిపోయింది. తిరిగి చేశాను. పోలేదు.

గూట్లోంచి పొట్లం లాగాను. ధనియాలు ఇల్లంతా చిందాయి. కాగితం నేల మీద పరిచి చేత్తో సాపు చేశాను. రమేష్ నంబరు పైనే ఉంది. కొట్టాను. స్విచ్చాఫ్ అని వచ్చింది. ఆ దేశంలో వేరే సిమ్ము వేసుకుని ఉంటాడు.

కాగితం అంచున దీప చేతిరాత.

"మొదటి రోజు. పొద్దున గుడి (నేను లోపలికి పోను బాపూ). తరవాత పడవ. సాయంత్రం సముద్రం."

రెండుసార్లు చదివాను. నేను గడప దగ్గర ఆ మాట చెప్పకముందే అది రాసి పెట్టింది.

ఇక చేయగలిగింది ఒక్కటే. ఈదమ్మ ఫోనులో ‘తమ్ముడు’ అని ఉంటుంది. అది నొక్కాను. నెల రోజుల కింద నా గడప తొక్కొద్దని నేను చెప్పిన మనిషి. ఒక్కసారి మోగగానే ఎత్తాడు. ఎత్తి మాట్లాడలేదు. అతని ఫోను మీద ‘అక్క’ అని పడి ఉంటుంది.

"నేనే," అన్నాను.

"బావా." అతను ఊపిరి తీసుకోవడం వినిపించింది. "నీ ఫోను బందున్నది. ఇరవై సార్లు చేసిన. టూరాయన నాకు చేసిండు. బావా, పిల్ల..."

"గుడి కాడ ఉన్నది."

"ఎవరు చెప్పిన్రు?"

"అదే చేసింది. అందరు లోపటికి పోయిన గేటు కాడ్నే ఉన్నది. గుడి లోపటికి పోనేలేదు. తూర్పు గేటు. పూలమ్మెటామె పక్కన."

"వాళ్లు పడవల కాడ దేవులాడుతున్నరు బావా. పడవ ఎక్కంగ లెక్కవెడితే ఒకరు తక్కువొచ్చిన్రంట. గుడి లోపట తప్పిపోయిందని ఒకాయన్ని ఆడికి గూడ పంపిన్రు. లోపటంత తిరిగిండంట, లేదన్నడు."

"లోపట ఎట్లుంటది? బయట ఉంటే."

"ఎందుకు పోలే లోపటికి?"

జవాబు అతనే చెప్పుకున్నాడు.

"ఏడాది," అన్నాడు మెల్లగా. తరవాత, "వాట్సాప్‌ల చెప్తున్న. ఫోన్ పెట్టు," అన్నాడు.

నా ఫోను కూడా ఆన్ చేశాను. రెండు ఫోన్లూ నా ముందు పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. ధనియాలు ఏరడం మొదలుపెట్టాను. కొన్ని మంచం కిందికి, కొన్ని తలుపు సందులోకి పోయాయి. చీపురుతో ఊడిస్తే అయిపోయేది. ఏరాను. భవాని చెప్పిన తాళాలు వేసిన గదులు గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో గింజ కోసం వెతికాను. సద్దన్నానికి ఈగలు ముసిరాయి. తోలలేదు.

బయట బండి ఆగిన చప్పుడైంది. మొగులయ్య. కంపెనీ యూనిఫాంలోనే, షిఫ్టు మధ్యలో లేచి వచ్చాడు. గడప బయట నిలబడ్డాడు. చెప్పులు విడిచాడు కానీ కాలు లోపల పెట్టలేదు. మే ఎండ అతని నెత్తి మీద ఉంది.

"చెప్పిన. బస్సు మలుపుకున్నరు. ట్రాఫిక్ ఉన్నదంట," అన్నాడు.

నేను గింజలు ఏరుతున్నాను.

"ఈడ్నే ఉంట బావా. ఫోన్ వచ్చేదాంక."

"ఎండ ఉన్నది బయట," అన్నాను.

అతను కాసేపు అట్లాగే నిలబడ్డాడు. తరవాత లోపలికి వచ్చి నాకెదురుగా చతికిలబడి, తలుపు సందులో గింజలు ఏరడం మొదలుపెట్టాడు.

పది దాటాక అతని ఫోను మోగింది. అతను ఇద్దరికీ వినపడేలా పెట్టాడు. ఒక ఆడమనిషి గొంతు, కోస్తా వాళ్ళ మాట.

"దీప వాళ్ళ నాన్నగారున్నారాండీ? నేనండీ, కామేశ్వరమ్మని, మీ అమ్మాయి పక్క సీటు. మాది కాకినాడ, ఇప్పుడు మీ మేడ్చల్ కాలనీలోనే ఉంటున్నామండి. దొరికిందండీ మీ పిల్ల. మేమిక్కడ కాళ్ళరిగేలా తిరిగితే, తనేమో పూలమ్మే ఆవిడ పక్కన దర్జాగా కూచుని మాలలు కడుతోంది."

మొగులయ్య రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"బాగున్నదా?" అన్నాను.

"నిక్షేపంలా ఉందండి. ఆ రమేషున్నాడే, ఆయన లెక్కండి అంతా. ఒళ్ళో చంటిపిల్లని కూడా ఓ మనిషి కింద లెక్కేసేశాడు. నలభైకి నలభై సరిపోయాయని బస్సు కదిపించేశాడు."

వెనక నుంచి ఒక మగగొంతు. "నువ్వు పక్కనే ఉండి చూసుకోలేదని కూడా చెప్పు మరి."

"మా ఆయనండి, బుల్లిబాబు గారు. బస్సెక్కగానే గురక పెట్టింది ఆయనే. అన్నయ్యగారూ, ఒక్క మాట. ఆ మైల సంగతేదో నాతో చెప్పొద్దాండీ? మా అత్తగారు పోయి నాకూ ఏడాది నిండలేదు. దేశం కాని దేశంలో ఏం పట్టింపులే అని నేను లోపలికెళ్ళొచ్చేశాను. ఇది గేటు దగ్గరే ఆగిపోయింది. తెలిస్తే నేనూ దాంతోనే కూచుందును కదా. ఇదిగోండి, మాట్లాడండి."

"బాపూ," అంది దీప.

"ఆఁ."

"బస్సు ఎక్కిన."

"ఎండల ఉన్నవా అంతసేపు?"

"లేదు, ఆమె గొడుగు కింద కూసోవెట్టింది. బాపూ, ఊకె కూసునుడేందని మాల కడదామని, అమ్మ లెక్క కాలి బొటనవేలుకు దారం సుట్టిన. ఆమె నా కాలి మీద ఒక్కటేసింది. దేవుని పూలు కాలికి తాకొద్దంట వాళ్లకు. పొడుగు సూది ఇచ్చి గుచ్చుడు నేర్పింది. పది మాలలు గుచ్చిన." అది నవ్వింది. ఏడాదిలో ఆ నవ్వు వినడం మొదటిసారి. "అమ్మ ఇరువై ఏండ్లు కాలికే సుట్టింది, తెల్వక ఎంత పాపం మూట గట్టుకున్నదో."

"తిన్నవా?"

"ఇప్పుడు తింట. నువ్వు తిన్నవా?"

"తింట."

"బాపూ, పడవ పోయింది, నావల్ల ఆలిశం అయ్యిందని. సముద్రానికి మాత్రం పోతరంట. పోనా?"

నన్ను అడిగింది. నాలుగు గంటల విమాన ప్రయాణం అడగకుండా చేసిన పిల్ల.

"పో," అన్నాను. "లోతుకు పోకు."

ఫోను పెట్టేశాక మొగులయ్య సద్దన్నం కంచె అవతల పారబోసి వచ్చాడు. కుండలో ఉన్న అన్నమే ఇద్దరం సల్ల పోసుకుని తిన్నాం. ఉల్లిగడ్డ అతను కోశాడు. పెద్ద ముక్క నా వైపు జరిపాడు. ఒళ్ళంతా మోపు దించినట్టు తేలికైంది. ఆ మధ్యాహ్నం నేను మంచం మీద పడి నిద్రపోయాను. ఈదమ్మ పోయాక పగటి నిద్ర అదే మొదలు. లేచేసరికి మొగులయ్య పాలకూర మడికి నీళ్ళు కట్టి వెళ్ళిపోయాడు. పక్క మడిలోకి పొర్లలేదు. అంతవరకు ఒప్పుకుంటాను.

దీప ఐదో రోజు వచ్చింది. ఎండకు ముక్కు కమిలిపోయింది. నాకు ఒక టోపీ తెచ్చింది, నేను పెట్టుకోను. పూలామె ఇచ్చిన పొడుగు సూది తెచ్చింది. ఒక సీసాలో సముద్రం నీళ్ళు తెచ్చింది. అవి ఎవరికని నేను అడగలేదు.

జూన్‌లో ఏడాది కార్యం పెట్టాం. మొగులయ్య ముందు రోజే వచ్చి పొయ్యి తవ్వాడు. దీప ఆ సూదితో మల్లెపూలు గుచ్చింది. కాలు దగ్గరికి రానివ్వకుండా మఠం వేసుకుని కూర్చుంది. ఈదమ్మ పటానికి మాల వేసింది. సీసాలో నీళ్ళు పటం ముందు పెట్టింది. మర్నాడు నేను ఆ ధనియాలు రాయి కింద నలిపి చల్లాను. మొలకెత్తాయి.

దీపకు ఇప్పుడు నా నంబరు కూడా నోటికి వచ్చు. కూర్చోబెట్టి మూడుసార్లు అప్పజెప్పించుకున్నాను. నా ఫోను మళ్ళీ స్విచ్చాఫ్ చేయలేదు. ఈదమ్మ ఫోనుకు చార్జింగ్ పెడుతూనే ఉన్నాను. రేషన్ కార్డుకు ఆ నంబరే ఉంది.

మొగులయ్య చేసింది తప్పే. అది మారదు. అతను ఆదివారం ఆదివారం వస్తాడు, తింటాడు, పోతాడు. అతనికీ తెలుసు, నేను మాట మార్చనని. ఆ పొద్దున గింజలు ఏరిన సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఊరుకోను.

మొన్న మార్కెట్‌లో భవాని అడిగింది. "ఆ దినం ఏమో అయిందంట గద గండన్నా, పిల్ల యాడనో తప్పిపోయిందంట?"

"కొత్తిమీర మంచిగ వచ్చింది. ఎన్ని కట్టలు కావాలె?" అన్నాను.

ఆమె మళ్ళీ అడిగింది. నేను గోనె సంచి దులిపి మడత పెట్టుకున్నాను. జరిగింది ఇది. ఒక్కసారి రాశాను. భవాని అడిగినా, మొగులయ్య అడిగినా, దీపే అడిగినా ఈ మాట మళ్ళీ నా నోట రాదు.